బొద్దింకలకు మూడు దినాల కరువు

"మందుండలామె పోయిందంట" అని మొన్న ధర్మవరం నుంచి వచ్చిన మా పాత వీధి మనిషి ఒకామె చెప్పింది. చెప్పి, నేను అయ్యో అంటానని నా ముఖంలోకి చూసింది. నేను ఒళ్లో ఉన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉన్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలంటారు. ఆమె గురించి చెప్పుకోవడానికి మంచి కావలసినంత ఉంది. అది ముందు చెప్తాను. మిగిలింది కూడా చెప్తాను, ఎందుకంటే అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

ఆమె మాకు చుట్టం కాదు. రాయదుర్గం వైపు నుంచి ఎప్పుడో వచ్చి, మొగుడు పోయాక మా వీధి చివర ఒంటి గదిలో ఉండిపోయింది. మా అత్త ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దత్త అయింది. మగ్గాలున్న ఇళ్లకు తిరిగి రాట్నం మీద పట్టు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె బతుకుతెరువు. కండెలు వీధిలో పదిమంది చుట్టేవాళ్లు, దాని వల్ల ఆమెకు పేరేమీ రాలేదు. పేరు వచ్చింది బొద్దింకల వల్ల.

ఎవరి వంటింట్లో బొద్దింకలు పడినా ఆమెకు కబురు పోయేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కొంగు నడుముకు దోపుకుని వచ్చేది. బాగుండారా అని అడగడం ఆమెకు అలవాటు లేదు. వంటింటి గడప మీద నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఉండాయి" అనేది. తర్వాత బియ్యం డబ్బా వెనక, గూటి చెక్క కింద చూపుడువేలు పెట్టి ఒక్కసారి లాగి, ఆ వేలు తెచ్చి ఇంటామె ముక్కు ముందు పెట్టేది. వేలి కొసన ఆవగింజల పొడిలా నల్లటి రెట్ట.

"ఎన్ని కనపడినాయో నాకు చెప్పొద్దు. కనపడేటివి సోమరివి. కనపడనియ్యే సంసారం చేస్తాంటాయి" అనేది.

ఆమె మందులో రహస్యమేమీ లేదు. బోరిక్ పౌడరు, గోధుమపిండి, బెల్లం, నూరిన ఎర్రగడ్డ, చెంచాడు పాలు. అందరికీ తెలిసినవే. కానీ ఏది ఎంతో ఎవరికీ చెప్పేది కాదు. అందరికీ వీపు పెట్టి కూర్చుని కలిపి, రేగిపండంత ఉండలు చేసి మూలమూలనా పెట్టేది. మందుల షాపాయన ఒకసారి, "ఇంత బోరిక్ పౌడరు ఏం చేస్తావవ్వా, క్యారమ్స్ ఆడతావా" అని నవ్వితే, "ఆడతా. నీకు ఒక్క కాయా దక్కనియ్యను" అందట. ఈ కథ ఆమే చెప్పుకునేది, చెప్పిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు తనే నవ్వేది.

అయితే ఉండలు పెట్టడం చివరి పని. అంతకు ముందు ఆమె పెట్టే నియమం ఒకటుంది, దానికే ఇళ్లవాళ్లు భయపడేవాళ్లు. మూడు రోజులు వంటింట్లో ఒక్క మెతుకు ఉండకూడదు, ఒక్క నీటి చుక్క ఉండకూడదు. డబ్బాలు, కుండలు, చేటలు, చివరికి మసిగుడ్డతో సహా అన్నీ పెరట్లోకి పోవాలి. వంట బయట మూడు రాళ్ల పొయ్యి మీద. తినడం బయటే.

"కడుపు నిండిన బొద్దింక నా ఉండ వైపు తిరిగి సూడదు. ముందు దానికి ఆకలి కావల్ల. కరువంటే ఏందో మనకే తెలుసు, ఈటికి తెలీదు. మూడు దినాలు ఈటికీ సూపిద్దాం" అనేది.

ఆ మాటకు అందరూ నవ్వేవాళ్లు. వాన సరిగా పడి రెండేళ్లు దాటిన ఊరు అది. నీళ్ల కోసం బోరింగు దగ్గర బిందెలు వరుసలో పెట్టి, ఎండలో కొట్లాడుకుని వచ్చి, బొద్దింకలకు కరువు రప్పించడానికి వంటిల్లు తుడుచుకునేవాళ్లం.

డబ్బు తీసుకునేది కాదు. "దుడ్లొద్దు, కాఫీ పొయ్యి" అనేది. సామానంతా పెరట్లోకి తెస్తుంటే పీట మీద కూర్చుని, కాఫీ తాగుతూ, ఒక్కొక్క డబ్బా చూసేది. ఏ ఇంట్లో నెయ్యి డబ్బా అడుగంటిందో, ఏ ఇంట్లో అల్లుడికి తెలియకుండా వేరుశనగ నూనె దాచారో, ఎవరి కందిపప్పు డబ్బాలో నిజానికి ఉలవలే ఉన్నాయో ఆమెకు తెలుసు. తెలిసింది ఇంకో ఇంట్లో చెప్పేది, ఎంత బాగా చెప్పేదంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఊళ్లోవాళ్ల గుట్టు మాకు చెప్తుంటే విన్నాం. మా గుట్టు ఊళ్లోవాళ్లకు చెప్తుందని మాకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

నాకు ఆమె అంటే ఇష్టం. దాచుకోవడమెందుకు, ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో ఆమె వచ్చే మధ్యాహ్నాల కోసం ఎదురు చూసేదాన్ని. మా పుట్టిల్లు కదిరి వైపు పల్లె. మా నాయనదీ మగ్గం పనే. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. అది ఆడవాళ్ల పని, అందులో నా చెయ్యి మంచిదని మా నాయన చెప్పేవాడు. అత్తవారింట్లో ఆ మాట ఎవరూ అనలేదు. మా అత్త చెడ్డది కాదు. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు, అంతే. నేను గంట కూర్చుని ఊరిబిండి పచ్చడి నూరితే, నోట్లో పెట్టుకుని, "ఊఁ, ఉప్పు సరిపోయిందిలే" అనేది. అదే ఊరిబిండిని పెద్దత్త రెండుసార్లు అడిగి వేయించుకుని, "ఎవురు నూరినారే దీన్ని" అని తెలిసి తెలిసే అడిగేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి తిప్పి చూసి, "ఇవి వంటింట్లో ఉండే వేళ్లు కాదు కోడలా" అంది. పంతొమ్మిదేళ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలి.

ఆ ఏడు మా వంటింట్లోనూ పడ్డాయి. మా ఇల్లు ముందు గదిలో గుంటమగ్గం, దాని వెనకే వంటిల్లు, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. మగ్గం మీద అప్పుడు పెళ్లి చీర ఉంది. చిలకపచ్చ, మిరపపండు అంచు. మగ్గం మాది, పట్టూ జరీ షావుకారువి. నేసి ఇస్తే కూలి, మళ్లీ ఇంకో పడుగు. మా మామ ఆయన దగ్గర అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా నేస్తున్నాడు, ఒక్క చీర వెనక్కి రాలేదు.

పెద్దత్త వచ్చింది, వేలు పెట్టి లాగింది, మూడు రోజుల కరువు పెట్టమంది. పెట్టాం. పెరట్లో ఎండలో అన్నం తింటూ మా మామ, "కరువు బొద్దింకలకా, నాకా" అని సణిగాడు. మూడో రోజు సాయంత్రం ఆమె ఉండలు పెట్టి వెళ్లింది.

మర్నాడు పొద్దున మా మామ మగ్గం గుంటలో దిగి, చీర మీద కప్పిన గుడ్డ తీశాడు. అరవలేదు. "ఇట్ల రాండి" అన్నాడు. కొంగులో, ఎడమ అంచు పక్కన, చింతగింజంత మేర పట్టు కొరికేసి ఉంది. వంటింట్లోకి పోయి చూస్తే మందుండలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కదాన్నీ ముట్టలేదు.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పడుగుకు గంజి పట్టిస్తాం కదా, పోగు తెగకుండా. వంటింట్లో గంజి కుండ తీసుకెళ్లి పెరట్లో పెట్టిన మేము, అదే గంజి మగ్గం మీద చీర నిండా ఉందని మరిచిపోయాం. వంటింట్లో కరువు పెడితే అవి గోడ దాటి వచ్చి పెళ్లి చీర తిన్నాయి. నేసేవాళ్ల ఇంట్లో పుట్టి, నేసేవాళ్ల ఇంట్లో మెట్టిన నాకూ తట్టలేదు, ముప్పై ఏళ్లు గంజి కాచిన మా అత్తకూ తట్టలేదు.

"షావుకారుకు చెప్తే ఏమైతాది?" అంది మా అత్త.

"ఏమైతాది. పడుగు ఆగిపోతాది" అన్నాడు మా మామ.

మా అత్త కాసేపు ఆ చిల్లు వైపే చూసి, తర్వాత నా వైపు చూసింది. "నువ్వు చెయ్యగలవా?" అంది. తప్పే, కాదనను. చెప్పి ఉండాల్సింది. కానీ చెప్తే ఇంట్లో పొయ్యి వెలగదు. నేను చేస్తానన్నాను.

కొంగు నేత అప్పటికే అయిపోయింది, మా మామ చీర మగ్గం మీంచి కోసి ఇచ్చాడు. మిగిలిన పట్టులోంచి పోగులు తీసుకుని, రెండు పగళ్లు గడపలో వెలుగుకు కూర్చున్నాను. పడుగు పోగు పోయినచోట పోగు అతికి, సూదితో పేక ఎక్కించి, ఒక్కొక్క వరుస నేసుకుంటూ పోయాను. మెడ పట్టేసింది. కళ్లలో నీళ్లు కారాయి. అయ్యాక మా మామ చీర చేతిలోకి తీసుకుని వెతికాడు. వేళ్లతో తడిమాడు. ఎండకు పట్టి చూశాడు. దొరకలేదు. నా వైపు చూసి తల ఆడించాడు. మా అత్త మాత్రం, "ఎవురికీ చెప్పొద్దు" అంది. అంతే. అంత పని చేసి నేను విన్న మాట అది.

ఆ మర్నాడు మధ్యాహ్నం పెద్దత్త చచ్చిన బొద్దింకలు లెక్కచూసుకోవడానికి వచ్చింది. మా అత్త బోరింగు దగ్గరకు పోయింది, మామ చుట్ట కాల్చుకోవడానికి వీధిలోకి పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆమె మూలమూలనా వంగి చూసింది. ఉండలు అలాగే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది. పీట కూడా అడగకుండా నేల మీద కూలబడింది.

"ఎప్పుడూ ఇట్లా కాలేదు కోడలా. నా చెయ్యి పోయిందేమో" అంది.

ఆ ముఖం అలా ఎప్పుడూ చూడలేదు నేను. జాలేసింది. జాలి ఒక్కటే అంటే అబద్ధం. రెండు రోజులు కూర్చుని చేసిన పనిని ఎవరో ఒకరు చూసి ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. "నీ మందుది తప్పు కాదు పెద్దత్తా" అని, చెయ్యి పట్టుకుని మగ్గం గదిలోకి తీసుకెళ్లి, మడిచి పెట్టిన చీర విప్పి, జరిగిందంతా చెప్పి, "ఆ చిల్లు యాడుండాదో కనుక్కో చూద్దాం" అన్నాను. ఆమె చాలాసేపు వెతికింది. చివరికి నేనే ఆమె వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను. కొంగు కొస నుంచి రెండు జానలు, ఎడమ అంచు పక్కన.

"యాడికి పోయినా నీ అంత చెయ్యి దొరకదమ్మీ" అంది ఆమె. "ఈ మాట ఎవురికీ చెప్పొద్దు" అని నేనన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, "నాకు తెలీదా" అంది.

నాలుగు రోజుల తర్వాత మా మామ, మా ఆయన చీర తీసుకుని షావుకారు ఇంటికి పోయారు. వెళ్లినంత సేపు పట్టలేదు, వెనక్కి వచ్చేశారు. మా మామ వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా ఆయనే చెప్పాడు. "దుప్పటి మీద చీర పరిచినాడు. సూడనే లేదు. నేరుగా ఆడ వేలు పెట్టినాడు. నాతో ముందే చెప్పింటే వేరే మాట, దాచి తెచ్చినారు, ఇంక వద్దు అన్నాడు."

"ఆయన కన్ను అట్లాంటిది" అన్నాడు మా మామ. "నా కండ్లు ముసలివైనాయి. నాకు కనపడలేదు. ఆయనకు కనపడింది."

వెతక్కుండా వేలు పెట్టాడంటే ఆ వేలికి ఎవరు దారి చూపించారో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. మా అత్త నన్ను తిట్టనైనా తిట్టలేదు. "పిల్లది చేతనైంది చేసింది" అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

తర్వాత మా మగ్గం మీదికి పడుగు రాలేదు. షావుకారు కాదన్నవాణ్ని ఇంకో షావుకారు వెంటనే పిలవడు. యాభై దాటిన మా మామ ఇంకొకరి ఇంట్లో గుంటలో దిగి కూలికి నేశాడు. మా గుంటలో కట్టెలు పేర్చుకున్నాం. ఆ కట్టెల్లో బొద్దింకలు హాయిగా బతికాయి.

నెల రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున ఆమె గదికి పోయాను. పిండి కలుపుతోంది. ఈసారి నాకు వీపు పెట్టలేదు.

"నువ్వే కదా చెప్పింది" అన్నాను.

"నేనే" అంది.

కాదంటుందనుకున్నాను. కాదంటే అరవడానికి మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. అవన్నీ పోయాయి. "ఎందుకు పెద్దత్తా?" అని మాత్రం అడగగలిగాను.

"షావుకారమ్మ ఇంట్లో ఉండలు పెట్టను పోయింటి. మీ మామోళ్లింట్లో నా మందు పారలేదంట, పెట్టినవి పెట్టినట్లే ఉండాయని మీ అత్తే బోరింగుకాడ చెప్పిందంట, ఇంక మాకెందుకులే అనె. నలుగురు ఆడోళ్లు కూర్చోనుండారు. నా మందు పారకపోవడమేంది, అవి మందుకాడికే రాలేదు, చీరకాడికి పోయినాయి అంటి. ఏ చీర అనిరి. ఊరికే చెప్తే నమ్ముతారా, యాడుండాదో గుర్తు చెప్పినా."

"నీ మందు కోసం మా మగ్గం పాయె" అన్నాను.

"నా మందు పారదంటే నేనే మొగం పెట్టుకోని బతకల్ల? కాఫీ కూడా ఎవురూ పొయ్యరు." ఉండ చుడుతూనే అంది. "నీ నోట్లోనే ఆగలేదు కదమ్మీ. నా నోట్లో యాడ ఆగుతాది?"

నా గుట్టు దుడ్లకు అమ్ముకుని ఉంటే అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. పిడికెడు పిండి ఉండల పరువు కోసం ఇచ్చేసింది. అయినా నాకు మగ్గం పోయినదానికంటే ఇంకొకటి ఎక్కువ మండుతోంది, అదే అడిగాను.

"నా అతుకు కనపడిందనే మా ఇంట్లో అనుకుంటాండారు. నువ్వు సూసినావు కదా. నీకు కనపడిందా?"

"నాకా? నువ్వు వేలు పట్టి పెడితేనే కదా తెలిసె. నేను గుర్తు చెప్పకపోతే షావుకారు బతుకంతా వెతికినా దొరికేది కాదు." అది నన్ను మెచ్చుకోవడమే అనుకుని అంది.

"ఆ మాట మా మామకు చెప్పు. నా పని చెడిపోలేదని చెప్పు. నేను సూపించినానని కూడా చెప్పు, తిడితే తిట్టనీ."

నా ముఖంలోకి చూసింది. పిండి చేత్తోనే నా చెయ్యి పట్టుకుని, "చెప్తాలే. నేనే వచ్చి చెప్తా" అంది.

రాలేదు. బోరింగు దగ్గర ఎదురైతే బిందెలోకి చూసుకునేది. నువ్వే చెప్పుకోవచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. పని చెడగొట్టిందనుకుంటున్న కోడలు, నా పని బాగుంది, చెడింది నా నోరు అని చెప్పుకుంటే, మొదటిది ఎవరూ నమ్మరు, రెండోది అందరూ నమ్ముతారు. మొదటిది నమ్మించగలిగిన సాక్షి ఆమె ఒక్కతే.

ఏడాది గడిచాక ఇంకో షావుకారు దయతలచి మా మామకు ఒక పడుగు ఇచ్చాడు. ఇంట్లో పండగే. గుంటలో కట్టెలు తీసి, పేడతో అలికాం. కండెలు చుట్టడానికి పెద్దత్తను పిలిచారు, ఆమె వచ్చి వసారాలో రాట్నం పెట్టుకుంది. కొత్త పడుగు అతకాలి కదా, నేను ముందురోజే గోళ్లు కత్తిరించుకుని, వేళ్లకు రాసుకోవడానికి మెత్తటి బూడిద జల్లించి పెట్టుకున్నాను. తలంటుకుని, కొంగు దోపుకుని, మగ్గం గదిలోకి వచ్చాను.

మా మామ బయటినుంచి వస్తున్నాడు. ఆయన వెనకే, పక్క వీధిలో ఉండే ఒకామె ఉంది, కూలికి అతుకులు వేసే మనిషి.

ఆమె నన్ను చూసి గుమ్మంలో ఆగింది. "మీ కోడలుండాది కదన్నా. కదిరి తట్టు పిల్ల, బాగా అతుకుతాదని విన్నామే" అంది.

మా మామ నా వైపు చూడలేదు. నాకు నొప్పి తగలకూడదని గొంతు తగ్గించి, మెల్లగా అన్నాడు. "దానికి కంటిచూపు చాల్దులేమ్మా. నువ్వు కూర్చో."

వసారాకు, మగ్గం గదికి మధ్య తలుపు కూడా లేదు. పెద్దత్త ఆ మాట విన్నది. విన్నదని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె తల ఎత్తింది. నేను ఆమె కళ్లలోకి చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట. ఇప్పుడైనా చెప్తుందనుకున్నాను. ఆమె నిండిన కండె తీసి పక్కన పెట్టి, కొత్తది ఎక్కించుకుంది.

"ఇంకొంచెం కాఫీ పొయ్యి కోడలా" అంది.

పోశాను.